కొత్త బల్ల దగ్గర మా అమ్మ

ఆ వేసవిలో మా ఇంట్లో ప్రశాంతంగా తిన్న భోజనం ఒక్కటి కూడా లేదు. ఇంట్లో ఉండేది మా అమ్మ వెల్మా, నేను. పోట్లాటకి ఇద్దరు చాలు. గిన్నెలు పగలకపోవడానికి కారణం అవి ప్లాస్టిక్‌వి కావడమే. దేనికయ్యా అంత గొడవ అంటే, పేకాటకి. ఆడొద్దని కాదు. సరిగ్గా ఆడమని నేను, నాకు చెప్పేంత దానివా అని ఆవిడ.

పేకాట క్లబ్బులకి పేరుపడ్డ గార్డెనాలో పుట్టి పెరిగినవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు. మా ఊళ్లో కొందరు ఫ్యాక్టరీకి వెళ్తారు, కొందరు తోటపనికి వెళ్తారు, మా అమ్మ లాంతరు అనే పేకాట క్లబ్బుకి వెళ్లేది. మా నాన్న ఇల్లు వదిలి పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఉద్యోగం అదే. పొద్దున్నే జుట్టు దువ్వుకుని, అల్లిక సంచీ పట్టుకుని వెళ్లి, కిటికీ పక్క బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చునేది. పాత ఆటలో ఒక్కొక్కరికి ఐదు ముక్కలు, ఎవరివి వాళ్లకే. అక్కర్లేనివి ఒకసారి మార్చుకోవచ్చు. చేతిలో జాకీల జతో, అంతకు మించినదో లేనిదే పందెం తెరవకూడదు. పంచే పని ఆడేవాళ్లే వంతులవారీగా చేసుకునేవాళ్లు. కుర్చీకి అద్దె వసూలు చేసుకోవడం తప్ప క్లబ్బుకి మా జోలి ఉండేది కాదు.

మా అమ్మ తెలివంతా ఓపికలో ఉండేది. జత పడేదాకా అల్లుకుంటూ కూర్చునేది. శుక్రవారం జీతం జేబులో పెట్టుకుని వచ్చే విమానాల ఫ్యాక్టరీ కుర్రాళ్లకి ఆ ఓపిక ఉండేది కాదు. వాళ్ల తొందర మీద మేం తిన్నాం, నేను చదువుకున్నాను, నా పళ్లకి తీగ కట్టించుకున్నాను. సిగ్గుపడాల్సినదేమీ లేదు. వాళ్లు వారానికోసారి వచ్చి పోయేవాళ్లు. రోజూ వచ్చే పాతవాళ్లు మాత్రం ఒకళ్లనొకళ్లు కొరుక్కునేవాళ్లు కాదు. చివరికి ఇద్దరు పాతవాళ్లే మిగిలితే పందెం వేసుకోకుండా బల్లని వేలితో తట్టి, ముక్కలు తిప్పి చూసుకునేవాళ్లు. ఎవరికి పెద్దవి ఉంటే వాళ్లు తీసుకునేవాళ్లు. ఎవరూ రాసి పెట్టిన నియమం కాదది. అలా ఉండేది, అంతే.

ఎనభై ఏడులో మా రాష్ట్రంలో కొత్త ఆటకి అనుమతి వచ్చింది. రెండే ముక్కలు చేతిలో. మిగతా ఐదు బల్ల మధ్యలో అందరికీ కనిపించేలా తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. అవి అందరివీ. తెరిచిన ప్రతిసారీ పందేలు. పంచడానికి క్లబ్బు మనిషే ఉండాలి. అప్పటిదాకా ట్రేలో పందెం బిళ్లలు పెట్టుకుని బల్లల మధ్య తిరుగుతుండే నన్ను కూర్చోబెట్టి, నల్ల చొక్కా తొడిగించి, పంచడం నేర్పించారు. జీతం పెరిగింది. నాకు సంతోషంగానే ఉండేది, ఆ నెలకి మాత్రం.

క్లబ్బు మేనేజరు పెట్రాకిస్ అని ఒకడుండేవాడు. నవ్వు మొహం. ఎవరి పుట్టినరోజైనా గుర్తుపెట్టుకుని కేకు తెప్పించే రకం. అలాంటివాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాడొకరోజు అమ్మని క్లబ్బు క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, లివరూ ఉల్లిపాయలూ తెప్పించి మరీ మాట్లాడాడు. నాకు విరామం వేళ కావడంతో నేనూ పక్కనే ఉన్నాను.

"వెల్మా గారూ, పాత బల్లలు తగ్గించేస్తున్నాం. మీకు తెలిసే ఉంటుంది."

"వసంతంలో ఏమన్నావ్? మేం ఉన్నన్నాళ్లూ ఉంటాయన్నావ్."

"అన్నాను. కూర్చునేవాళ్లు లేకపోతే నేనేం చేసేది? అందరూ కొత్త ఆట వైపే వెళ్తున్నారు. మీవాళ్లే రావట్లేదు, భయపడుతున్నారు. మీరు కూర్చుంటే వస్తారు."

"నాకు రాని ఆట నేనెందుకు కూర్చుంటాను?"

"జీతమిస్తాం. గంటకింత అని. ఆడేది మీ బిళ్లలతోనే, గెలుపు మీది, ఓటమి మీది. జీతం మాత్రం మాది. నేను చూపించిన బల్ల దగ్గర కూర్చోవాలి. ఒక్కటే మాట, మా జీతం తీసుకునేవాళ్లు ఎవర్నీ వదిలిపెట్టి ఆడకూడదు. స్నేహితులని బల్ల తట్టి ఊరుకోవడం ఇక్కడ కుదరదు. మిగతావాళ్లు మమ్మల్ని అనుమానిస్తారు."

"మావాళ్లకి చెప్పాలా, జీతం సంగతి?"

"మీరై చెప్పక్కర్లేదు. ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పకూడదు. మీరైనా, పంచేవాళ్లైనా. గోడ మీద రాసే ఉంది."

అమ్మ లివరు ముక్కని కత్తితో చాలాసేపు కోసింది. పాత బల్ల పోతే ఆవిడకి ఇంకో పని రాదు. అరవై అయిదేళ్ల మనిషిని ఎవరు తీసుకుంటారు? నా జీతంతో తనని పోషిస్తానంటే నా నెత్తి మీద కుండ పగలగొట్టే రకం. తన తిండి తనే గెలుచుకోవాలి, తన కుర్చీ తనకుండాలి. ఆవిడకి కావలసిందల్లా అంతే, అదొక్కటే పోయేట్టుంది. సరేనంది.

ఎరకి జీతం ఇవ్వడం అని దానికి నేను ఆ రోజే పేరు పెట్టాను. అమ్మ నన్ను నోరు మూసుకోమంది.

మొదటి వారం చూడాలి ఆవిడ ఆట. కొత్త బల్ల దగ్గర పాత ఆట ఆడింది. జాకీల జత పడేదాకా కదలదు. పడ్డాక ఎన్ని మబ్బులు కమ్ముకొచ్చినా దాన్ని వదలదు. బల్ల మీద రాజు, రాణి తెరుచుకుని ఎదుటివాళ్లు పందేలు పెంచుతుంటే కూడా, నా జాకీలున్నాయి కదా అని కడుతూ పోయేది. అన్నిటికంటే ఘోరం ఇంకొకటి. బల్ల మధ్యలో రెండు జతలు తెరుచుకుంటే అవి తన చేతిలోకి వచ్చినట్టే మురిసిపోయేది. పాతవాళ్లందరూ చేసే తప్పే అది. బతుకంతా తమ ముక్కలు తామే చూసుకున్నవాళ్లకి, కళ్ల ముందున్నది తమది కాదని బుర్రకెక్కదు.

ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద పేక పరిచాను.

"ఇవెవరివి?" అన్నాను బల్ల మధ్య ముక్కలు చూపించి.

"నావి."

"అందరివీ. నీకు రెండు జతలుంటే ఎదుటివాడికీ అవే రెండు జతలు. నీ చేతిలో ఏముందో అదొక్కటే నీది."

"నాకు పేకాట నేర్పించేదానివయ్యావా? నీకు అంకెలు నేర్పించిందే పేకముక్కలతో నేను."

"అందుకే చెప్తున్నా. ఈ ఆసు పక్కన మూడుంది చూడు. ఏం చేస్తావ్?"

"ఆసు కదా. కడతాను."

"ముంచేసేది అదే. ఆసు నీకు పడిందంటే ఇంకొకడికీ ఉంటుంది, వాడి పక్కన రాజుంటుంది. ఇద్దరికీ జత కలుస్తుంది, నువ్వు చివరిదాకా కట్టి ఓడిపోతావు. పక్క ముక్క చిన్నదైతే పడెయ్, ఆ ఆట వదులుకో."

"ఆసుని పడేయాలా?"

"పడెయ్."

"మీ నాన్న కూడా ఇలాగే మాట్లాడేవాడు," అంది. మా ఇంట్లో అంతకు మించిన తిట్టు లేదు.

నాకు ఈ ఆట గురించి ఎలా తెలుసంటే, పంచేవాళ్లకి పందెం ఉండదు, కళ్లు ఖాళీగా ఉంటాయి. రోజంతా చూస్తూ ఉంటే బండరాయికైనా తెలుస్తుంది. చిన్న పందేల బల్ల దగ్గర ఎవడూ ఎవణ్ణీ భయపెట్టలేడు. బుకాయించాలంటే నమ్మి పారిపోయేవాడు ఉండాలి కదా. ఇక్కడ ఎవరూ పారిపోరు. ఏముందో చూద్దామని కట్టేస్తారు, అంత చవక. కాబట్టి గొప్ప ఎత్తుగడలన్నీ ఇక్కడ దండగ. చాలా చేతులు, అంటే పంచిన రెండు ముక్కలూ, మొదట్లోనే పడేయాలి. ఎవరి తర్వాత మాట్లాడుతున్నామో చూసుకోవాలి, అందరి మాటా విన్నాక చివర చెప్పేవాడిదే పైచేయి. రాజుల జతలాంటిది పడితే ముందే పందెం పెంచి జనాన్ని తగ్గించుకోవాలి. చిన్న జత అయితే జనం నిండుగా ఉన్నప్పుడే చవగ్గా దిగాలి, అదే అంకె మూడోది తగలకపోతే మారు మాట్లాడకుండా లేవాలి. మంచి ముక్కలు పడ్డప్పుడు మాత్రం దయ చూపించకూడదు. ఎలాగూ కట్టేవాళ్లున్నారు, కట్టించుకోవాలి. నేనిదంతా అమ్మకి అరిచి అరిచి చెప్పాను. ఆవిడ అరిచి అరిచి విన్నది.

వినడం అంటే ఆవిడ వినడమే వేరు. ఒప్పుకోదు. నన్ను తిట్టి, తలుపు దడేల్మని వేసుకుని పడుకుని, పొద్దున క్లబ్బులో నేను చెప్పిందే చేస్తుంది. ఆసు, మూడు పడేసింది. జాకీల మీద రాణి తెరుచుకుంటే పడేసింది. జూలై వచ్చేసరికి ఆ బల్లల దగ్గర మా అమ్మంత చక్కగా ఆడేవాళ్లు లేరు. ఓపిక ఎలాగూ పుట్టుకతో ఉంది, దానికి ఈ లెక్క తోడయింది. అల్లిక సంచీ మళ్లీ తెచ్చుకోవడం మొదలుపెట్టింది. నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వం ఎన్నాళ్లు నిలిచిందంటే, అవతల కూర్చున్నవాళ్లెవరో నేను తలెత్తి చూసేదాకా.

పెట్రాకిస్ అంచనా తప్పలేదు. వెల్మా కూర్చుందంటే భయం లేదన్నమాట అనుకుని పాతవాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చారు. ముందు ఓపల్ వచ్చింది. భర్త పోయాక పెంచుకుంటున్న కుక్కని కారులో కట్టేసి, గంటకోసారి వెళ్లి చూసొచ్చే మనిషి. ఆవిడ వెనక మోరినాగా గారు వచ్చారు.

టాక్ మోరినాగా గారు మా ఊరి తోటమాలి. సగం ఊళ్లో గడ్డి ఆయన చేతి మీదే పెరిగింది. పని మానేసినా ఇస్త్రీ మడతల ఖాకీ చొక్కా, గడ్డి టోపీ మానలేదు. నాకు తట్టు వచ్చినప్పుడు పదిహేను రోజులు గుమ్మం దగ్గర నారింజపళ్లు పెట్టి వెళ్లిన మనిషి. అమ్మా ఆయనా పాత బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, నా పెంపకం గురించీ ఆయన తోటల గురించీ మాట్లాడుకుంటూ ముసలివాళ్లయ్యారు. ఆయన భార్య ఫుమి గారు అంతకుముందు శీతాకాలమే పోయారు.

మోరినాగా గారు కొత్త ఆటలో ఏం పడ్డా కట్టేవారు. రెండు, ఏడు పడ్డా కట్టేవారు. బల్ల మీద ఏం తెరుచుకున్నా కట్టేవారు. చివరి దాకా వచ్చి, ఎదుటివాళ్ల ముక్కలు చూసి, "ఓహో, అదా," అని తల ఊపి, తన ముక్కలు ఒద్దికగా బోర్లించేవారు. వేసవి మొత్తంలో ఆయన మధ్యలో ముక్కలు పడేయడం నేను చూడలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువ పోగొట్టుకునేది ఎప్పుడూ ఆయనే. మంచి ముక్కలు పడ్డప్పుడు దయ చూపించకూడదని నేను ఎవరికి నేర్పించానో వాళ్లు ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నారు.

ఒక మధ్యాహ్నం అమ్మ రాజుల జతతో ఆయన చేత ఐదు ముక్కలు తెరిచేదాకా కట్టించింది. నేను పక్క బల్ల దగ్గర పంచుతున్నాను. ఆయన నవ్వుతూ "నువ్వు భలే పట్టేశావే వెల్మా ఈ ఆటని," అనడం వినిపించింది. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మ అన్నం ముట్టలేదు.

"ఏమయింది?" అన్నాను.

"ఎవరు పడేయరో వాళ్ల మీద పందెం వేయమన్నావు."

"అన్నాను."

"బల్ల దగ్గర కూర్చోగానే ఎవరికి ఆట రాదో చూసుకోమన్నావు. వాళ్ల ఎడం పక్క కూర్చోమన్నావు."

"అవును. వాళ్ల తర్వాత మాట్లాడొచ్చని."

"టాక్ ఎడం పక్క కూర్చున్నానే ఇవాళ. కావాలని కూర్చున్నాను. ఆయన నా కుర్చీ వెనక్కి లాగి మరీ కూర్చోబెట్టాడు." ప్లేటు ముందుకు తోసేసింది. "ఇంత నీచమైన చదువు నాకెందుకు చెప్పావే?"

"చెప్పకపోతే నువ్వు పోగొట్టుకునేదానివి."

"అప్పుడు నాదే పోయేది."

"నాకు చెప్తున్నావా నీతులు? జీతం ఒప్పుకుంది నువ్వు. వాళ్లొచ్చింది నిన్ను చూసి. వెళ్లి ఆ మాట చెప్పు వాళ్లకి. ఇంటికి పొమ్మను."

"చెప్తే నన్ను రేపే పంపించేస్తారు."

"మరి నామీద ఎగరకు."

అప్పుడు మా ఇద్దరికీ కలిగిన కోపం ఎలాంటిదంటే, ఎదుటివాళ్లు చెప్పేది నిజమైనప్పుడు వచ్చే కోపం. దానికి మందు లేదు.

ఆదివారం అమ్మ మోరినాగా గారిని భోజనానికి పిలిచింది. పిలిచింది భోజనానికి కాదని ఆయనకీ తెలుసు. ఆయన తన తోటలో కాసిన వంకాయలు తెచ్చారు. తిన్నాక అమ్మ పేక తెచ్చి, తనకి నేను చెప్పినట్టే, నేను వాడిన మాటలతోనే, పాఠం మొదలుపెట్టింది.

"ఇవి అందరివీ టాక్. నీ చేతిలో ఉన్నదే నీది. ఇవి చూడు, రెండూ ఏడూ. ఇంతకంటే చెత్త ముక్కలుండవు. పడెయ్."

"పడేస్తే?"

"పడేస్తే పోగొట్టుకోవు."

"పోగొట్టుకోనులే, సరే. పడేశాక ఏం చెయ్యాలి?"

"ఆగాలి. తర్వాతి ముక్కలు వచ్చేదాకా."

ఆయన ముక్కల్ని సర్ది అమ్మ ముందు పెట్టారు. "వెల్మా, ఆ ఆటలో పది చేతుల్లో ఎనిమిది పడేయాలంటావు. పడేసినవాళ్లు చూస్తూ కూర్చోవాలి. చూస్తూ కూర్చోడానికైతే మా ఇంట్లో కుర్చీ ఉంది. ఎదురుగా ఇంకో కుర్చీ కూడా ఉంది. నేనెందుకొస్తున్నాననుకున్నావ్? కడితే నా వంతు వస్తుంది. నువ్వు నావైపు చూస్తావు. ఏం పెట్టుకుని కట్టావయ్యా ముసలోడా అంటావు. నేనేదో అంటాను. నాకది చాలు."

"ఇదే అలవాటైతే నీ పింఛను మిగలదు టాక్."

"దేనికి మిగలాలి?"

అమ్మ నావైపు చూసింది, ఇక నువ్వు చెప్పు అన్నట్టు. నా దగ్గర ఆ ఆటలో ఎప్పుడు పడేయాలో చెప్పే లెక్కలున్నాయి కానీ, ఫుమి గారు కూర్చునే కుర్చీకి లెక్క లేదు. వెళ్లేటప్పుడు ఆయన గుమ్మంలో ఆగి, "నువ్వు అక్కడుండబట్టే వచ్చాను, తెలుసా. నీకంత నచ్చిందంటే ఏదో ఉండే ఉంటుందనుకున్నా," అన్నారు. అమ్మ చెప్పేస్తుందేమో అనుకున్నాను. వంకాయలు బాగున్నాయంది.

ఆగస్టులో చివరి పాత బల్లని కూడా ఎత్తేశారు. నేను పెట్రాకిస్ గదిలోకి వెళ్లి అడిగాను. అడగలేదు, అరిచాను. వసంతంలో ఇచ్చిన మాట ఏమైందన్నాను. అతను కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"డార్లా, మీ అమ్మగారు ఒక్కరే మూడు బల్లలు నింపుతున్నారు. నేనెవర్నీ రెక్క పట్టుకుని లాక్కురాలేదు. వాళ్లు సంతోషంగానే ఉన్నారు. నీకేమైనా కోపం ఉంటే ఆమె మీద చూపించు, నాకెందుకు?"

"మోరినాగా గారిని చూశారా ఈ మధ్య?"

"ఎవరు, ఆ టోపీ ఆయనా? బంగారంలాంటి మనిషి. ఇలాంటివాళ్లు పదిమంది ఉంటే ఇంకో గది కట్టేస్తాను." నవ్వాడు. కేకు కోసేటప్పుడు నవ్వే నవ్వు అది. నా చేతిలో ఏదైనా ఉండుంటే విసిరేసేదాన్నే.

ఆ గురువారం పంచేవాళ్లు తక్కువై నన్ను అమ్మ బల్లకి వేశారు. అయినవాళ్లకి పంచకూడదన్నది పద్ధతి. పెట్రాకిస్ ఫరవాలేదన్నాడు, తనే వెనక నిలబడతానన్నాడు. ఓపల్ కుక్కని చూడ్డానికి వెళ్లింది. మిగిలినవాళ్లు ముక్కలు చూసి పడేశారు. ఆటలో అమ్మా, మోరినాగా గారూ మిగిలారు. మూడు తెరిచాను. తొమ్మిది, నాలుగు, రెండు. ఆయన పందెం వేయకుండా తట్టారు, అమ్మ పందెం వేసింది, ఆయన కట్టారు. నాలుగోది తొమ్మిది. మళ్లీ అంతే. ఐదోది నాలుగు.

బల్ల మీద రెండు జతలు. మోరినాగా గారి మొహంలో సంతోషం చూడాలి. ఆయన వేలితో బల్ల తట్టారు. ఇక అమ్మ వంతు. ఆవిడ దగ్గర ఇంకో తొమ్మిది ఉందని, గెలుపు ఆవిడదేనని నాకు ఆవిడ భుజాలు చూస్తేనే తెలిసిపోయింది. అమ్మ చెయ్యి బిళ్లల మీదికి వెళ్లింది, అక్కణ్ణుంచి వెనక్కి వచ్చి, వేలు మడిచి, బల్లని తట్టడానికి లేచింది. పాత పద్ధతిలో.

"వెల్మా," అన్నాడు పెట్రాకిస్ నా వెనక నుంచి. గట్టిగా కూడా అనలేదు. "జీతం తీసుకుంటూ తట్టి ఊరుకోవడం కుదరదని చెప్పాను."

ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

మోరినాగా గారు టోపీ కొంచెం పైకి జరిపి, అతన్ని చూశారు, అమ్మని చూశారు. "జీతమా?" అన్నారు. "వెల్మా, నువ్వు జీతానికి కూర్చుంటున్నావా?"

నేను ఆగాను. పక్క బల్ల దగ్గర ఎవరో పేక కలుపుతున్న చప్పుడు మొదలై, అయిపోయి, మళ్లీ మొదలైంది. అమ్మ తన ముక్కల వెనకవైపు చూస్తూ కూర్చుంది. ఆయన ఈసారి నావైపు తిరిగారు. ఏమీ అడగలేదు, చూశారు.

"అవును," అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

ఆయన తల ఊపారు. అమ్మ అప్పుడు బిళ్లలు ఎత్తి బల్ల మధ్యలోకి నెట్టింది. పందెం వేసింది. ఎందుకేసిందో నేను ఇన్నేళ్లలో చాలా రకాలుగా అనుకున్నాను. పెట్రాకిస్ వెనక ఉన్నాడని కావచ్చు. అన్నీ తెలిశాక కూడా వదిలేస్తే బిచ్చం వేసినట్టవుతుందని కావచ్చు. నా మీద కోపంతో కూడా కావచ్చు.

మోరినాగా గారు ఆ పందేన్ని చూశారు. చేతిలో ముక్కల్ని ఇంకోసారి తిరగేసి చూసుకోలేదు. రెండూ కలిపి, అంచులు సరిచేసి, బోర్లించి, నావైపు జరిపారు. పడేశారు.

మిగిలిన బిళ్లలు జేబులో వేసుకోకుండా అక్కడే వదిలేసి లేచారు. కుర్చీని లోపలికి తోసి, "థాంక్స్ అమ్మాయ్," అని నాకు చెప్పి, నడుచుకుంటూ వెళ్లిపోయారు.

పాత ఆటలో ఒక పద్ధతి ఉండేది. పందెం తెరిచిన మనిషి, మిగతావాళ్లందరూ పడేసి తనే గెలిచినా సరే, చివర్లో తన జత తిప్పి చూపించాలి. మోసంతో తెరవలేదని రుజువు. కొత్త ఆటలో దాంతో పని లేదు, కట్టనివాళ్లకి ఏమీ చూపించక్కర్లేదు. అమ్మ తన ముక్కలు రెండూ తిప్పి బల్ల మీద పెట్టింది. తొమ్మిది, రాజు. ఆయన ఖాళీ కుర్చీ వైపు వాటిని జరిపి, నిజాయితీగానే వేశానయ్యా అన్నట్టు, చెయ్యి తీయకుండా అలాగే ఉండిపోయింది. మోరినాగా గారు అప్పటికి తలుపు దాటేశారు. ముక్కలు తీసుకోవడానికి నేను ఆవిడ వేళ్లు ఎత్తాల్సి వచ్చింది.

నేను కారు నడుపుతుంటే అమ్మ అల్లిక సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఆయన అడిగింది నిన్ను కాదు," అంది చివరికి.

"నావైపు చూశారు."

"చూశాడు. అడిగింది నన్ను."

"మరి చెప్పలేకపోయావా?"

"చెప్పబోతున్నాను."

"అంతసేపు ఆగానమ్మా."

"చాల్లేదు," అంది. "నాకింకొంచెంసేపు కావాలి. నువ్వు ఆగలేకపోయావు. ఇక నాకు చెప్పుకునే వీల్లేకుండా చేశావు."

నేను కారు పక్కకి ఆపి నోటికొచ్చింది అన్నాను. ఆవిడా అంది. వెనక హారన్లు మోగినా ఆపలేదు. జూన్ నుంచీ ఆవిడకి చెప్పడానికి రోజూ వీలుంది, వంకాయలు చేతిలో పెట్టినప్పుడు కూడా వీలుంది అన్నాను. నీ పని నీ నల్ల చొక్కా చూసుకోవడమే కదా, బాగా చూసుకున్నావంది. ఇద్దరం అబద్ధమేదీ అనలేదు. ఆ రోజుకీ ఈ రోజుకీ నా కోపం తగ్గకపోవడానికి కారణం అదే.

మోరినాగా గారు మళ్లీ క్లబ్బుకి రాలేదు. అమ్మ రెండుసార్లు వాళ్లింటికి వెళ్లింది. ఆయన మర్యాదగా టీ ఇచ్చి, తోట చూపించి, గేటు దాకా వచ్చి సాగనంపారట. పేకాట మాట ఆయన ఎత్తలేదు, ఈవిడా ఎత్తలేదు. మూడోసారి వెళ్లలేదు. ఓపల్ మానేసింది, ఆవిడ వెనక మిగతావాళ్లు మానేశారు. ఎవరూ వెంట రాని మనిషికి జీతమెందుకని పెట్రాకిస్ సెప్టెంబరు చివర్లో అమ్మని మానిపించాడు. కేకు తెప్పించాడు. అమ్మ దాన్ని అతని టేబుల్ మీదే బోర్లించి వచ్చింది. నేనూ నల్ల చొక్కా అక్కడే విడిచేసి వచ్చి, నెలలోపు పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే పనిలో చేరాను.

అమ్మ ఇప్పుడు నది అవతల ఇంకో క్లబ్బుకి వెళ్తోంది, రెండు బస్సులు మారి. అక్కడ ఆవిడ ఎవరికీ తెలీదు. జీతం లేదు. నేను నేర్పిన ఆటే ఆడుతుంది, అక్షరం పొల్లుపోకుండా, చాలా చేతులు పడేస్తూ, పడినప్పుడు దయ లేకుండా. తన తిండి తను గెలుచుకుంటోంది. ఒకసారి తోడు వెళ్లి చూశాను. ఒక ముసలాయన కొత్తగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు, షర్టు జేబులో కళ్లజోడు, మాట్లాడ్డానికి మనిషి కోసం మొహం వాచిపోయినట్టున్నాడు. అమ్మ ముక్కలు ఎత్తకముందే అతనికి చెప్పింది.

"నేను ఇక్కడ గెలవడానికే కూర్చుంటానండీ. మంచి ముక్కలు లేకుండా పందెం వెయ్యను. నేను వేస్తే మీరు పడేయండి."

ఆయన అది హాస్యమనుకుని పడీపడీ నవ్వాడు. "భలేవారండీ మీరు," అన్నాడు. అమ్మ పందెం వేసింది. ఆయన కట్టాడు.

"పడేయమన్నానా?" అంది అమ్మ, బల్లంతా ఉలిక్కిపడేట్టు.

ఆయన ఇంకా నవ్వుతూనే, తర్వాతి పందెం కూడా కట్టాడు.